తాతల పిస్తోళ్ళు: ధర అడిగే ముందు కాగితం చూడండి
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

పాత సామాన్ల మీద ఈ శీర్షిక పెడితే గోడ గడియారాలు, గ్రామఫోన్లు, కంచు చెంబుల గురించి ఉత్తరాలు వస్తాయని అనుకున్నాం. వచ్చాయి. కానీ ఈసారి కట్టలో సగం దాకా పిస్తోళ్ళే. నేను జిల్లా పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు చూసి బాగుచేసేవాడిగా, చేసి రిటైరైనవాణ్ణి. ఆ ఆయుధాగారాన్ని మేం 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అంటాం. అందుకని ఆ ఉత్తరాలన్నీ నా బల్ల మీదికే తోశారు. రాసినవాళ్ళ పేర్లు వేయకుండా ఊళ్ళు మాత్రమే వేస్తున్నాం. ఎందుకో మొదటి జవాబు చదివితే మీకే తెలుస్తుంది.

ప్ర: మా జేజినాయన రెండో ప్రపంచ యుద్ధంలో సుబేదారు. ఈమధ్య పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద ట్రంకుపెట్టెలో ఒక రివాల్వరు, ఆరు తూటాలు దొరికాయి. 'ఎన్‌ఫీల్డ్, నెం. 2, మార్క్ 1' అనీ పక్కన నక్షత్రం (*) గుర్తూ, కింద 1942 అనీ ఉంది. హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) పైన బొటనవేలు పెట్టి లాగే కొస విరిగిపోయింది. ఆర్మీ వాళ్ళే ఇచ్చి పంపారని ఇంట్లో అంటారు. మంచి ధర వస్తుందని మా బావమరిది. ఎంత రావచ్చు? – కావలి

జ: ముందు మీ బావమరిదిని ఎవరికీ ఫోన్ చేయవద్దనండి.

ఆ కొస విరగలేదు. అది చేయడమే అట్లా చేశారు. ఎన్‌ఫీల్డ్ నెం. 2ను బ్రిటిష్ సైన్యం 1932లో తీసుకుంది. టాంకుల్లో పనిచేసేవాళ్ళకు ఇరుకులో ఎక్కుతూ దిగుతూ ఉంటే హ్యామర్ కొస దేనికో ఒకదానికి తగులుకునేది. అందుకని 1938లో ఆ కొస తీసేసి, ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ లేచి పడేలా మార్చారు. మీరు చూసిన నక్షత్రం గుర్తు ఆ మార్పుకే. అంటే మీ దగ్గరున్నది అసలైన యుద్ధకాలపు సరుకే కావచ్చు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అందులో పట్టేది .380 రిమ్డ్ తూటా, అంటే అడుగున అంచు బయటికి ఉండేది. మన ఆయుధ నిబంధనల్లో .380, .455 రిమ్డ్ తూటాలు, సైన్యం వాడే 9 ఎంఎం తూటాలు పట్టే రివాల్వర్లూ పిస్తోళ్ళూ అన్నీ నిషేధిత బోరు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు) కిందికి వస్తాయి. వాటికి కలెక్టరు గారు కూడా లైసెన్సు ఇవ్వలేరు, కేంద్ర హోంశాఖ దాకా పోవాలి. లైసెన్సు లేకుండా నిషేధిత ఆయుధం దగ్గర ఉంటే, ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళు. కాబట్టి మీరడిగిన ధరకు నా జవాబు సున్నా. చట్టప్రకారం కొనగలిగినవాడు లేని వస్తువుకు బజారు ధర ఉండదు. ఉందని ఎవరైనా వస్తే వాడు సేకరణకర్త కాదు, తలుపు వేసుకోండి.

తుప్పు పట్టిందనీ, తిరగడం లేదనీ కూడా రాశారు. అది రక్షణ అవుతుందనుకోకండి. ఆయుధ చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకూ పాడైనవాటికీ మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ దాంట్లో మెలిక చూడండి: మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానిదై ఉండాలి. 1942 నాటి ఎన్‌ఫీల్డ్‌ను ఒక మాదిరి ఆర్మరర్ పూటలో పేలేట్టు చేస్తాడు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. దాన్ని దొరికినచోటే ఉంచి గదికి తాళం వేయండి. తూటాలు అసలు ముట్టుకోవద్దు. ఒక వకీలుతో మాట్లాడి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరి ఎదుట దొరికిందో రాసి స్టేషన్ హౌస్ ఆఫీసరుకు ఇవ్వండి. సంచిలో వేసుకుని బస్సెక్కి స్టేషనుకు పోకండి, దారిలో ఎవరైనా ఆపితే మీ మంచితనం రుజువు చేసుకోవడానికే ఏళ్ళు పడతాయి. అప్పగించేటప్పుడు సీరియల్ నంబరుతో సహా రశీదు తీసుకోండి.

'ఆర్మీ వాళ్ళే ఇచ్చారు' అన్నదానికి ఒక్క మాట. పక్షి కాలు అచ్చు లాంటి బాణం ములికి గుర్తు ఉంటే అది సర్కారు సొత్తు అని. దాని కింద ఇంగ్లీషు 'ఐ' అక్షరం ఉంటే భారత సైన్యం సొత్తు. రెండు ములికులు ఎదురెదురుగా మొన కలుపుకుని ఉంటే సర్కారు దాన్ని అమ్మేసిందని అర్థం. మీరు పంపిన ఫోటోలో ఒకటే ములికి కనిపిస్తోంది. జేజినాయన గారి డిశ్చార్జి పుస్తకం, మెడల్స్ దొరికితే మాత్రం భద్రంగా పెట్టుకోండి. వాటికి లైసెన్సు అక్కర్లేదు, కుటుంబానికి రివాల్వరు కన్నా అవే ఎక్కువ చెబుతాయి.

ప్ర: పాతసామాన్ల దుకాణంలో చెకుముకి పిస్తోలు ఒకటి 38 వేలకు కొన్నాను. కిరీటం, 'జీఆర్', 'టవర్' అని ఉంది. పిడి చివర ఇత్తడి తొడుగు. ఈస్టిండియా కంపెనీ కాలం నాటిదన్నారు. ఆరు ఫోటోలు పంపుతున్నాను. అసలుదేనా? – ఒంగోలు

జ: మీ ఫోటోలు బాగున్నాయి, అందుకే ధైర్యంగా చెబుతున్నాను. అసలుది కాదు. ఎందుకో వరసగా చెబుతాను, పిస్తోలు ముందు పెట్టుకుని చదవండి.

మూడో ఫోటో చూడండి. ట్రిగ్గర్‌కు కాపుగా ఉండే ఇత్తడి చుట్టు లోపలి అంచున సన్నటి గీత ఒకటి నిలువునా పోతోంది. అది అచ్చులో పోసినప్పుడు రెండు సగాలు కలిసినచోట వచ్చే గీత. ఆనాడూ ఇత్తడి పోతపోసేవాళ్ళు, కాదనను. కానీ ఆకురాయి పట్టి ఆ గీత కనబడకుండా చేసేదాకా ఇన్‌స్పెక్టరు ముద్ర వేసేవాడు కాదు.

నాలుగో ఫోటోలో కిరీటం. అసలు పిస్తోళ్ళలో లాక్ (పేల్చే యంత్రం) పలక మీద అక్షరాలు ఉలితో చెక్కినవో, ఉక్కు అచ్చుతో కొట్టినవో అయ్యుంటాయి. కొట్టిన అచ్చుకు అంచు పదునుగా ఉండి, చుట్టూ లోహం కొంచెం లేచి ఉంటుంది. మీ 'టవర్' అక్షరాలు అరిగిన సబ్బు బిళ్ళ మీద పేరులా మెత్తగా ఉన్నాయి, అడుగు కూడా గుండ్రంగా ఉంది. అంటే పలక పోసినప్పుడే అక్షరాలూ పోశారు. వందేళ్ళ వాడకంలో అరిగిందని దుకాణదారు చెప్పి ఉంటాడు. అరిగితే పలక అంచులూ, హ్యామర్ తలా కూడా అరగాలి కదా. అవి నిన్న చేసినట్టున్నాయి.

ఐదో ఫోటోతో కేసు మూతబడింది. గొట్టం పక్కన రంజకం, అంటే ముందుగా అంటుకునే చిటికెడు మందు, పెట్టే పళ్ళెం ఉంది. ఆ పళ్ళెంలోంచి నిప్పు గొట్టం లోపలికి పోవడానికి సన్నటి రంధ్రం ఉండాలి. మీదాంట్లో ఆచోట చిన్న గుంట మాత్రమే ఉంది, ఆరపార లేదు. మరి నిప్పు ఎట్లా పోతుంది? అది పేల్చడానికి పుట్టిన వస్తువు కాదు, గోడకు తగిలించడానికి పుట్టింది. ఒకందుకు సంతోషించండి, మొదటి ప్రశ్న రాసిన కావలి ఆయన టెన్షన్ మీకు లేదు.

కంపెనీ గుర్తు సంగతి కూడా తెలుసుకోండి, మళ్ళీ కొనేటప్పుడు పనికొస్తుంది. కంపెనీ తన ఆయుధాల మీద మొదట్లో హృదయం ఆకారాన్ని నాలుగు గళ్ళు చేసి, వాటిలో వీ, ఈ, ఐ, సీ అక్షరాలు వేసేది. 19వ శతాబ్దం మొదటి దశాబ్దం తర్వాత దాని బదులు ముందు కాళ్ళతో కిరీటం పట్టుకున్న సింహం వచ్చింది. 'జీఆర్' అంటే జార్జి రాజు, 'టవర్' అన్నది లండన్ టవర్‌లోని సర్కారు ఆయుధశాల పేరు. కిరీటం, జీఆర్, టవర్, సింహం, హృదయం అన్నీ ఒకే పలక మీద కుక్కి ఉంటే ఎక్కువ గుర్తులున్నాయని మురిసిపోకండి. చేసినవాడు పుస్తకంలో చూసినవన్నీ వేశాడని అర్థం. కైబర్ కనుమ వైపు చేతిపనివాళ్ళు చేసిన నకళ్ళయితే ఇంకా తమాషా, 'ఎన్' అక్షరం తిరగబడి ఉంటుంది, పేర్లలో అక్షరాలు ఎగిరిపోతాయి. వాటినే పనిగట్టుకుని సేకరించేవాళ్ళూ ఉన్నారు.

అలంకారంగా నాలుగైదు వేలకు నేనైనా కొనుక్కుంటాను, పనితనం బానే ఉంది. డబ్బు వెనక్కి అడగడానికి మీకొక దారి ఉంది. వందేళ్ళు దాటిన పురావస్తువుల వ్యాపారానికి 1972 చట్టం కింద లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు చూపించమనండి, బిల్లు మీద 'పురాతన వస్తువు' అని రాసిమ్మనండి. రాసిస్తే అది అబద్ధం అవుతుంది, రాయకపోతే అమ్మినప్పుడు చెప్పింది అబద్ధం అవుతుంది.

ప్ర: తుప్పు పోవడానికి చింతపండు పెట్టి తోమి, గరుకు కాగితంతో రుద్దితే వెండిలా మెరుస్తుందని ఒకరన్నారు. చేయవచ్చా? – మూలాపేట, నెల్లూరు

జ: వద్దమ్మా. మెరిసిన పిస్తోలును చూస్తే నాలాంటివాడికి కడుపు మండుతుంది. పైన గోధుమరంగు పొర ఏర్పడటానికి వందేళ్ళు పట్టింది, గరుకు కాగితానికి పది నిమిషాలు చాలు. పొరతో పాటు ప్రూఫ్ గుర్తులు (గొట్టం పరీక్షలో నిలిచిందని వేసే ముద్రలు), సీరియల్ అంకెలు పోతాయి. విలువ కట్టేవాడు మొదట చూసేవే అవి.

మనది సముద్రపు గాలి. కుట్టుమిషను నూనె ఒక చుక్క మెత్తటి గుడ్డకు అద్ది తుడవండి, చాలు. చేతి చెమట తగలకుండా నూలు గ్లవ్స్ వేసుకోండి. తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఇత్తడి తగిలినచోట పచ్చటి చిలుము పడుతుంది. ఒరను విడిగా, పిస్తోలును విడిగా ఉంచండి. అన్నట్టు, మీ పిస్తోలుకు లైసెన్సు ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు.

ప్ర: మా ముత్తాతల నుంచి వస్తున్న టోపీ పిస్తోలు ఒకటి ఉంది. ఉదయగిరి జాగీర్దారు తన దగ్గర పనిచేసిన మా పూర్వీకుడికి బహుమతిగా ఇచ్చాడని చెబుతారు. లాక్ మీద కిరీటం పట్టుకున్న సింహం, 1845 అని అంకెలు ఉన్నాయి. దట్టించే కడ్డీ ఊడిరాదు, మూతి దగ్గర చిన్న గొలుసు కీలుకు తగిలించి ఉంది. చరిత్ర ఉన్న వస్తువుకు ఎక్కువ విలువ ఉంటుంది కదా? – ఉదయగిరి ప్రాంతం

జ: ఈ కట్టలో నన్ను కుర్చీలోంచి లేపిన ఉత్తరం మీదే.

సింహం, సంవత్సరం, ఊడిరాని కడ్డీ, ఈ మూడూ ఒకదానికొకటి సరిగ్గా అతుకుతున్నాయి. చెకుముకి పోయి, దెబ్బకు అంటుకునే మందున్న చిన్న లోహపు టోపీ పెట్టి పేల్చే పద్ధతి బ్రిటిష్ సైన్యంలోకి 1840 అటూ ఇటూగా వచ్చింది. కంపెనీ తన రౌతులకు అప్పుడే ఇట్లాంటి పిస్తోళ్ళు చేయించింది. గుర్రం మీద ఉన్నవాడు కడ్డీ జారవిడిస్తే మళ్ళీ దిగి తీసుకోలేడు, అందుకే దాన్ని కీలుకు కట్టేశారు. మీరు పంపిన దగ్గరి ఫోటోలో సింహం జూలు వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి, మరల తలల గాడి సన్నగా ఉంది. ఒంగోలు ఆయన తన ఫోటోల పక్కన దీన్ని పెట్టుకుని చూస్తే నేను రాసిన పేజీ అక్కర్లేదు.

కానీ కథ అతకడం లేదు. 1839లో కర్నూలు నవాబు కోటలో ఆయుధాలు గుట్టలుగా బయటపడి పెద్ద గొడవైంది. కంపెనీ మీద పన్నిన ఆ కుట్రలో చేయి ఉందనే ఉదయగిరి జాగీరునూ కంపెనీ లాగేసుకుంది. జాగీరు పోయిన తర్వాత చేసిన పిస్తోలును, అదీ కంపెనీ రౌతుల పిస్తోలును, జాగీర్దారు ఎట్లా బహూకరిస్తాడు? మీ పెద్దలు అబద్ధం చెప్పారనను. బహుశా బహుమతి ఇంకేదో అయ్యుంటుంది, కత్తి కావచ్చు. తర్వాతి తరంలో కథ వచ్చి ఇంట్లో ఉన్న పిస్తోలుకు అతుక్కుని ఉంటుంది. కంపెనీ సైన్యంలో పనిచేసినవాడు మీ వంశంలో ఎవరైనా ఉన్నాడేమో వెతకండి, నాకు ఆ దారే నమ్మకంగా ఉంది.

విలువ విషయానికొస్తే, కథకు విలువ రావాలంటే కాగితం కావాలి. టిప్పు సుల్తాను ఆయుధాలు 2015లో లండన్ వేలంలో భారీ ధర పలికాయంటే, పులిచారల పనితనం, వాటి మీది రాతలు, శ్రీరంగపట్నం నుంచి ఎవరి చేతికి ఎట్లా పోయాయో తెలియడం, ఇవన్నీ ఉన్నాయి. మన జిల్లాల్లో టిప్పు పిస్తోలు ఉందని చెప్పే ఇళ్ళు చాలానే ఉన్నాయి, అందులో ఒక్కదాని మీదా పులిచార లేదు. మీ పిస్తోలు మాత్రం కథ లేకుండానే మంచి వస్తువు. ఎవరూ తోమలేదు, కడ్డీ అసలుదే, తేదీ చెదరలేదు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, లోపల మందు ఉండిపోయిందేమో చూడాలి. పాతకాలపు నల్లటి తుపాకిమందు తడవకుండా ఉంటే వందేళ్ళ తర్వాత కూడా అంటుకుంటుంది. మూతి మనుషుల వైపు లేకుండా పెట్టి, సన్నటి కర్రపుల్లను లోపల ఆగేదాకా వదిలి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. తీసి గొట్టం పక్కన ఆనించి చూడండి. పుల్ల కొస టోపీ పెట్టే చోటికి దాదాపు చేరాలి. అంగుళమో ఆపైనో ముందే ఆగితే లోపల ఏదో ఉన్నట్టే. పొడవవద్దు, వేడి చేయవద్దు, ఆర్మరర్ చూసేదాకా వదిలేయండి.

రెండోది కాగితం. క్యూరియో (అపురూపంగా దాచుకునే పాత వస్తువు) తరగతి చిన్న ఆయుధాలను దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని 2020 ఫిబ్రవరిలో నిబంధనలు మార్చారు. వాడాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవాలన్నా మాత్రం లైసెన్సు కావాలి. అయితే మీది క్యూరియో అవునో కాదో తేల్చాల్సింది మీరూ నేనూ కాదు. ఫోటోలు జతచేసి కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఆ కాగితం లేకుండా పిస్తోలు గడప దాటకూడదు, నాకు చూపించడానికి కూడా.

ప్ర: మా నాయన గారి .32 వెబ్లీ అండ్ స్కాట్ పిస్తోలు. 1970ల నుంచి లైసెన్సు ఉంది. ఆయన పోయి నాలుగు నెలలైంది. మేము ఇద్దరం అన్నదమ్ములం, ఒక చెల్లెలు. అమ్మితే లక్షలు వస్తాయని ఒకరు, వేలేనని ఒకరు. – బుచ్చిరెడ్డిపాళెం

జ: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. విదేశీ తుపాకులు మామూలు మనుషులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్య నుంచి ఆగిపోయింది. దాంతో అంతకుముందు వచ్చిన వెబ్లీ, కోల్ట్ లాంటివాటికి మన దేశంలో ధర లక్షల్లోకి పోయింది. అదే వెబ్లీ ఇంగ్లండులో ఓ మోస్తరు వస్తువు. లండన్ పోలీసులు 1911లోనే ఈ .32 పిస్తోలు తీసుకున్నారు కాబట్టి అక్కడ దానికి కొరత లేదు. మీ దగ్గర పలికేది సేకరణ విలువ కాదు, కరువు విలువ. అందుకే ఇక్కడ కొనేవాడు చరిత్ర అడగడు, స్ప్రింగు బిగువుందా, రెండో మ్యాగజైను (తూటాలు పెట్టే డబ్బా) ఉందా అని అడుగుతాడు.

కానీ నాలుగు నెలలుగా అది ఇంట్లోనే ఉందా? లైసెన్సుదారు పోయాక ఆయుధాన్ని ఆలస్యం లేకుండా స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. ఈ వారమే చేయండి. తర్వాత మీలో ఒకరు వారసత్వం కింద లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. చెల్లెలి సంతకం కూడా కావాలి, మరవకండి. అర్జీ పెట్టే వ్యక్తికి ఇప్పటికే రెండు తుపాకులుంటే మూడోది కుదరదు, 2019 నుంచి మనిషికి రెండే. ఎవరికీ వద్దనుకుంటే డీలరు ద్వారా, అనుమతితో, లైసెన్సున్నవాడికే అమ్మాలి.

ఎన్నికలప్పుడల్లా నాయన గారు పిస్తోలును స్టేషన్లో పెట్టి తీసుకున్న రశీదులు బీరువాలో ఉంటాయి, పారేయకండి. ఇన్నేళ్ళూ ఆ నంబరు పిస్తోలు ఆ మనిషి దగ్గరే ఉందని చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

ప్ర: మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడ 1898కి ముందు చేసిన పిస్తోళ్ళకు కేంద్ర చట్టంలో పెద్ద అడ్డంకులు లేవట. ఇక్కడిది అక్కడికి పంపి అమ్మవచ్చా? – ఆత్మకూరు

జ: అక్కడి చట్టం 1898 దాకా చేసినవాటిని పురాతనం కింద లెక్కేస్తుంది, నిజమే. కానీ బయల్దేరేది ఇక్కడి నుంచి కదా. వందేళ్ళు దాటిన పురావస్తువును ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు. అడ్డగోలుగా పంపితే రెండు చట్టాల కింద కేసు. అబ్బాయిని చదువుకోనివ్వండి.

ప్ర: డిగ్రీ చదువుతున్నాను. వెబ్లీలంటే పిచ్చి. లైసెన్సు వచ్చే అవకాశం లేదు. ఎట్లా మొదలుపెట్టాలి సార్? – పొగతోట, నెల్లూరు

జ: తుపాకి చుట్టూ ఉన్నవాటితో మొదలుపెట్టు నాయనా. తోలు ఒరలు, సామ్ బ్రౌన్ బెల్టులు, ఇత్తడి నూనె సీసాలు, పాత కేటలాగులు, యూనిఫాంలో దిగిన ఫోటోలు. సామ్ బ్రౌన్ 1858లో మన దేశంలో జరిగిన యుద్ధంలో ఎడమ చేయి పోగొట్టుకున్న అధికారి, ఒంటిచేత్తో కత్తి దూయడానికి వీలుగా ఆ బెల్టు అమర్చుకున్నాడు. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ లాంటి పెద్ద దుకాణాలు తుపాకులూ అమ్మేవి, వాటి పేరున్న బిల్లు దొరికితే వదలకు. ఖాళీ తూటా తొడుగుల జోలికి మాత్రం పోకు, అది తనిఖీలో వివరించడం కష్టం.

వెబ్లీ రివాల్వర్లను మార్కుల (అంటే మోడళ్ళ) వారీగా గుర్తుపట్టడం నేర్చుకో. 1887లో మార్క్ 1, 1899లో మార్క్ 4, 1913లో మార్క్ 5, 1915లో మార్క్ 6. ఐదోది రెండేళ్ళే నడిచింది, అందుకే సేకరణకర్తలు దానికోసం పడిచస్తారు. ఆరో మార్కు పిడి కింద వైపు నలుచదరంగా ఉంటుంది, అంతకు ముందువి పక్షిముక్కులా గుండ్రంగా వంపు తిరుగుతాయి. విదేశీ వేలం ఫోటోలు చూసేటప్పుడు సిలిండర్ వెనక భాగం చూడు. అమెరికాలో దొరికే .45 తూటా పట్టడం కోసం చాలావాటికి అక్కడ చెక్కేశారు. అట్లా చెక్కినవాటికి ధరా తగ్గుతుంది, పేల్చడమూ ప్రమాదమే.

వస్తువులు కళ్ళారా చూడాలంటే చెన్నై ఎగ్మోర్ మ్యూజియం మనకు దగ్గర. తంజావూరు రాజభవనం నుంచీ, సెయింట్ జార్జి కోట నుంచీ వచ్చిన ఆయుధాలు అక్కడ ఉన్నాయి. హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్‌లో ఆయుధాల గది చూడు. రెండింటికీ శుక్రవారం సెలవు, అది చూసుకుని టికెట్టు తీసుకో.